గ్రాసిం కొంటే అల్ట్రాటెక్ కొన్నట్టేనా?

పోయిన సంచికలో సిమెంటు కంపెనీల షేర్ల గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆదిత్య బిర్లా గ్రూపు కంపెనీ గ్రాసిం చుట్టూనే తిరిగాయి. గుంటూరు, విజయవాడ వైపు నుంచి వచ్చిన ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. రెండు మూడు చోట్ల వివరంగా చెప్పక తప్పలేదు, డబ్బుతో పని కాబట్టి ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. కొంత డబ్బు షేర్లలో పెడదామనుకుంటున్నాను. గ్రాసిం కొంటే అల్ట్రాటెక్ సిమెంటు, ఆదిత్య బిర్లా క్యాపిటల్, రంగుల వ్యాపారం అన్నీ కలిపి సగం ధరకే వస్తాయని మా వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన లెక్కేసి మరీ చూపించారు. నిజమేనా? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారూ, ఆయన వేసిన లెక్కలో తప్పుండకపోవచ్చు, కానీ దాన్నుంచి తేల్చిన మాటను మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ఈ కంపెనీ సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన పది రోజులకు, 1947 ఆగస్టు 25న, గ్వాలియర్ రేయాన్ పేరుతో పుట్టింది. మధ్యప్రదేశ్‌లోని నాగ్దాలో చెక్క గుజ్జు నుంచి విస్కోస్ పీచు తీసి, ఆ వ్యాపారంతో పెద్దదైంది. సిమెంటులోకి వచ్చింది 1985లో. 2004లో ఎల్ అండ్ టీ వాళ్ల సిమెంటు వ్యాపారం చేతికొచ్చాక దానికి అల్ట్రాటెక్ అని పేరు పెట్టారు, 2010లో గ్రాసిం తన సొంత సిమెంటు ఫ్యాక్టరీలను కూడా తీసుకెళ్లి అందులోనే కలిపేసింది. అంటే అప్పటి నుంచి గ్రాసిం నేరుగా సిమెంటు చేయడం లేదు, సిమెంటు చేసే కంపెనీలో పెద్ద వాటా పెట్టుకుని కూర్చుంది. ఇది పట్టుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

ఇవాళ గ్రాసిం సొంతంగా చేసే పనులు ఏమిటంటే పీచు, కాస్టిక్ సోడా లాంటి రసాయనాలు (తూర్పుగోదావరి జిల్లా బలభద్రపురంలో 2022లో ప్రారంభమైన ఫ్యాక్టరీ వీళ్లదే), 2024 ఫిబ్రవరిలో మొదలెట్టిన బిర్లా ఓపస్ రంగులు, ఇంకా బిల్డింగ్ మెటీరియల్‌ని ఆన్‌లైన్‌లో వ్యాపారులకు అమ్మే బిర్లా పివట్. వాటాల సంగతికొస్తే అల్ట్రాటెక్‌లో 55 నుంచి 57 శాతం మధ్య, ఫైనాన్స్ కంపెనీ ఆదిత్య బిర్లా క్యాపిటల్‌లో సగానికి పైన, హిందాల్కోలోనూ వొడాఫోన్ ఐడియాలోనూ కొద్దికొద్దిగా.

మీ వాకింగ్ మిత్రుడు చేసింది ఇదీ: అల్ట్రాటెక్ మార్కెట్ విలువలో గ్రాసిం వాటా ఎంతో కట్టి, ఆదిత్య బిర్లా క్యాపిటల్ వాటా దానికి కలిపి, గ్రాసిం షేర్ల సంఖ్యతో భాగించారు. వచ్చిన అంకె గ్రాసిం షేరు ధర కంటే బాగా ఎక్కువగా కనిపించింది. ఇది ఆయనొక్కడికే కనపడ్డ రహస్యం కాదండీ, ఏళ్ల తరబడి అందరికీ కనిపిస్తున్నదే. వేరే కంపెనీల్లో వాటాలు పెట్టుకున్న కంపెనీ షేరు ఆ వాటాల విలువ కంటే తక్కువకు దొరకడాన్ని హోల్డింగ్ కంపెనీ డిస్కౌంట్ అంటారు. బజాజ్ హోల్డింగ్స్ చూడండి, పిలానీ ఇన్వెస్ట్‌మెంట్ చూడండి, చేతిలో ఉన్న వాటాల విలువ ఒకటి, షేరు ధర ఒకటి.

ఎందుకలా? పొలం మీ పేరున ఉండటం వేరు, పొలమున్న పెదనాన్న ఇంట్లో మీకొక వాటా ఉండటం వేరు. పంట డబ్బులొచ్చాక ఎంత పంచాలి, ఎంత పెట్టి కొత్త బోరు వేయించాలి అనేది పెదనాన్న ఇష్టం. అసలు లెక్కే చూడండి. 2024-25 సంవత్సరానికి అల్ట్రాటెక్ షేరుకు 77.50 రూపాయల డివిడెండ్ (లాభంలోంచి వాటాదారులకు పంచేది) ఇచ్చింది. గ్రాసిం దగ్గరున్న వాటాకు అది 1,200 కోట్ల పైమాటే. అదే సంవత్సరానికి గ్రాసిం తన షేరుకు ఇచ్చింది 10 రూపాయలు, మొత్తం కలిపితే 700 కోట్లు కూడా లేదు. మిగిలింది గ్రాసిం తన పనులకు ఉంచుకుంది. తప్పేం లేదు, వ్యాపారం అన్నాక పెట్టుబడి కావాలి, కానీ సిమెంటు డబ్బు మొత్తం మీ చేతిదాకా రాదని మార్కెట్‌కు తెలుసు కాబట్టే ఆ ధర.

పెట్టుబడి అన్నాను కదా, ఎక్కడ పెడుతున్నారనేదే అసలు ప్రశ్న. రంగుల వ్యాపారానికి 10,000 కోట్లు అనుకున్నారు, ఆరు ఫ్యాక్టరీలు కట్టారు, మనకు దగ్గర్లో అంటే తమిళనాడు చెయ్యార్‌లో ఒకటుంది. ఈ ఖర్చు నడుస్తుండగానే 2024 జనవరిలో షేరు 1,812 రూపాయల చొప్పున 4,000 కోట్ల రైట్స్ ఇష్యూకు, అంటే ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మడానికి వచ్చారు. ఏషియన్ పెయింట్స్, బెర్జర్ ఏళ్లుగా పాతుకుపోయిన చోట కొత్తగా దుకాణం తెరవడమంటే డీలర్లకు ఎక్కువ ఇవ్వాలి, షాపుల్లో రంగులు కలిపే టింటింగ్ మెషీన్లు పెట్టించాలి, పెయింటర్లను తిప్పుకోవాలి, ముందు కొన్నేళ్లు చేతి డబ్బే వదులుతుంది. గ్రాసిం షేరు కొన్నవాళ్లు ఈ ఖర్చులో భాగస్తులు. అల్ట్రాటెక్ మాత్రమే కొన్నవాళ్లకు ఈ టెన్షన్ లేదు.

ఇంకో చిక్కు పన్ను. రేపు గ్రాసిం తన అల్ట్రాటెక్ వాటా అమ్మితే ఆ లాభం మీద ముందు కంపెనీ పన్ను కట్టాలి, ఆ తర్వాతే మీకు. పైగా అమ్మేదెక్కడ? అల్ట్రాటెక్ మీద గ్రూపుకున్న పట్టంతా ఆ వాటాలోనే ఉంది. అందుకని వాకింగ్ బ్యాచ్ లెక్కలో తేడా కనిపించినంత మాత్రాన, ఆ తేడా ఎప్పటికైనా మీ జేబులోకి వస్తుందని అనుకోకండి.

మీరు స్వయంగా చూడదలిస్తే గ్రాసిం ఫలితాలు రెండు రకాలుగా వస్తాయి, రెండూ తెరవండి. కన్సాలిడేటెడ్ అనే దాంట్లో అల్ట్రాటెక్ అమ్మకాలు మొత్తానికి మొత్తం కలిసి ఉంటాయి, గ్రాసింకు ఉన్నది సగం పైచిలుకే అయినా సరే. కాబట్టి పైన కనిపించే లాభం దగ్గర ఆగిపోకుండా కిందికి రండి, నాన్ కంట్రోలింగ్ ఇంటరెస్ట్ అని ఒక వరస ఉంటుంది, అది బయటి వాటాదారులకు చెందేది, అది పోగా మిగిలిందే గ్రాసింది. అప్పు చూసి కూడా కంగారు పడొద్దు, క్యాపిటల్ వాళ్లు అప్పులిచ్చే వ్యాపారంలో ఉన్నారు, దానికోసం తెచ్చిన అప్పంతా ఇందులో కనపడుతుంది. ఇక స్టాండలోన్ అనేది గ్రాసిం సొంత వ్యాపారాల లెక్క. జులై నుంచి సెప్టెంబరు త్రైమాసికంలో ఇతర ఆదాయం ఒక్కసారిగా ఎగిరిందంటే రంగులు బాగా అమ్ముడుపోయాయని కాదు, అల్ట్రాటెక్ డివిడెండ్ జమ పడిందని.

నా మాట అడిగితే, మీకు సిమెంటు మీదే నమ్మకముంటే అల్ట్రాటెక్కే కొనండి, ఖరీదెక్కువైనా మీరు కొంటున్నదేమిటో మీకు తెలుస్తుంది. రంగుల వ్యాపారం నిలదొక్కుకుంటుందని, దానికి ఐదారేళ్లు ఆగగలననీ అనుకుంటే గ్రాసిం సంగతి ఆలోచించండి. చవగ్గా వస్తోందన్న ఒక్క కారణానికి మాత్రం వద్దు. రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో అసలే వద్దు.

ప్రశ్న: ఆటోనగర్‌లో అల్యూమినియం సెక్షన్ల వ్యాపారం మాది. అల్యూమినియం రేటు పెరిగినప్పుడల్లా గ్రాసిం షేరు కూడా పెరగాలి కదా, హిందాల్కో కూడా వాళ్లదే కదా? – విజయవాడ

జవాబు: గ్రూపు ఒకటే, కంపెనీలు వేరు. హిందాల్కో 1958లో పెట్టిన కంపెనీ, రేణుకూట్‌లో మొదలై, 2007లో విదేశీ అల్యూమినియం కంపెనీ నోవెలిస్‌ను కొన్నాక ప్రపంచ స్థాయికి వెళ్లింది. అందులో గ్రాసింకు ఉన్నది నాలుగు శాతం లోపే. మీ షాపులో రేటు కదిలేది లండన్ మెటల్ ఎక్స్ఛేంజి ధరను బట్టి, డాలరును బట్టి. అది హిందాల్కో లాభాన్ని ఊపుతుంది, గ్రాసిం దాకా వచ్చేసరికి గాలి తగిలినట్టు కూడా ఉండదు. ఒకప్పుడు గ్రాసింకు సొంతంగా లోహం వ్యాపారం ఉండేది, మహారాష్ట్రలో విక్రమ్ ఇస్పాత్ అని స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ, దాన్ని 2009లో వెల్‌స్పన్ వాళ్లకు అమ్మేశారు. లోహాల మీద పెట్టుబడి కావాలంటే హిందాల్కోనే చూడండి. అయితే ఒక్క మాట, మీ సరుకూ అదే, మీ షేరూ అదే అయితే రేటు పడ్డ రోజు రెండు వైపులా దెబ్బ తగులుతుంది.

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాదయింది. బీరువా సర్దుతుంటే గ్రాసిం ఇండస్ట్రీస్ షేరు సర్టిఫికెట్లు దొరికాయి, మొత్తం 35 షేర్లు, ఒక్కొక్కటి 10 రూపాయల ముఖవిలువ, 1990ల నాటివి. డీమ్యాట్ ఏమీ లేదు. అవి చిత్తుకాగితాలేనని మా మరిది అంటున్నాడు. ఏం చేయమంటారు? – మంగళగిరి

జవాబు: అమ్మా, వాటిని ఎవరి చేతికీ ఇవ్వకండి, ముందు రెండు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. నాన్నగారు మధ్యలో అమ్మి ఉండకపోతే ఆ 35 షేర్ల కాగితాల వెనక ఇప్పుడు మూడు కంపెనీల షేర్లు ఉండాలి.

ఎలాగో చూడండి. 2010లో సిమెంటును వేరు చేసినప్పుడు గ్రాసిం షేరు ఒక్కొక్కదానికి సమృద్ధి సిమెంట్ అనే కంపెనీ షేరు ఒకటి ఇచ్చారు, అది అల్ట్రాటెక్‌లో కలిసినప్పుడు ఏడు సమృద్ధి షేర్లకు నాలుగు అల్ట్రాటెక్ షేర్లు. మీ 35కి లెక్కగట్టితే అల్ట్రాటెక్ షేర్లు 20. తర్వాత 2016లో గ్రాసిం షేరును 10 రూపాయల నుంచి 2 రూపాయల ముఖవిలువకు విడగొట్టారు, అంటే 35 కాస్తా 175 అయ్యాయి. 2017లో అదే గ్రూపులోని ఆదిత్య బిర్లా నువో గ్రాసింలో కలిసి, ఫైనాన్స్ వ్యాపారం విడిపోయినప్పుడు ప్రతి ఐదు గ్రాసిం షేర్లకు ఏడు ఆదిత్య బిర్లా క్యాపిటల్ షేర్లు ఇచ్చారు. 175కి 245. ఇవాళ్టి ధరలు పేపర్లో చూసి మీరే గుణించుకోండి, మీ మరిదిగారికి కూడా చూపించండి. పై జవాబులో మాస్టారికి చెప్పింది ఇక్కడ తిరగబడుతుంది, ఎందుకంటే ఆ రెండు సార్లూ కంపెనీ తన ఆస్తినంతా దగ్గర ఉంచుకోకుండా అందులో కొంత నేరుగా వాటాదారుల చేతిలో పెట్టింది.

బీరువాలో ఇండియన్ రేయాన్ (నువో పాత పేరు) లేదా ఆదిత్య బిర్లా నువో పేరుతో కాగితాలేమైనా ఉన్నాయేమో కూడా వెతకండి. ప్రతి పది నువో షేర్లకు 15 గ్రాసిం, వాటి మీద 21 క్యాపిటల్ షేర్లు వచ్చాయి.

ఇక పని ఎలా మొదలెట్టాలంటే, మూడు కంపెనీలకూ షేర్ల లెక్కలు చూసే రిజిస్ట్రార్లు ఉంటారు, వాళ్ల చిరునామా కంపెనీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ల పేజీలో దొరుకుతుంది. సర్టిఫికెట్ మీదున్న ఫోలియో నంబరు రాసి, నాన్నగారి పేరున ఇప్పుడు ఎన్ని షేర్లున్నాయి, డివిడెండ్ ఎప్పటి నుంచి ఆగిపోయింది అని అడగండి. ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోకపోతే ఆ డబ్బుతో పాటు షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వం దగ్గరి ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కి (ఐఈపీఎఫ్) వెళ్లిపోతాయి. వెళ్లినా పోయినట్టు కాదు, ఐఈపీఎఫ్-5 అనే ఫారంతో వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆలస్యమవుతుంది అంతే. అక్కడ పేరుతో వెతికే సదుపాయం కూడా ఉంది.

కాగితాల రూపంలో ఉన్న షేర్లను 2019 ఏప్రిల్ నుంచి మామూలుగా ఇంకొకరికి బదిలీ చేయడం కుదరదు, వారసులకు మార్చుకోవడం మాత్రం కుదురుతుంది. దానికి మీ పేరున డీమ్యాట్ ఖాతా (షేర్లు కాగితం లేకుండా ఉండే ఖాతా), మరణ ధ్రువపత్రం, మీ పాన్, ఆధార్, తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా సిద్ధం చేసుకోండి. షేర్ల విలువ ఎక్కువైతే కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం అడుగుతారు. మీ విషయంలో ఏం కావాలో రిజిస్ట్రారు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి, ఫోన్లో చెప్పింది నమ్ముకుని కాగితాల కోసం తిరగొద్దు.

మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర. పాత సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరంగా ముందు ఉంటుంది, పాన్‌లో పూర్తిగా రాసి చివర పెడతారు, మరణ ధ్రువపత్రంలో 'రావు' ఉండదు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకో స్పెల్లింగు. రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చున్నతనికి ఇవి నలుగురు మనుషుల పేర్లు. ఆ నలుగురూ ఒక్కరేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించి మొదటిసారే జత చేయండి.

కమిషన్ మీద తెచ్చిపెడతామని కొందరు వస్తారు, వచ్చినదాంట్లో వాటా అడుగుతారు. ఈ పనిలో మీరు చేయలేనిది ఏమీ లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అలాంటివాళ్లకు ఇచ్చి, తర్వాత వాళ్ల చుట్టూ తిరిగినవాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి. నాన్నగారు ఎప్పుడో జీతంలో మిగిల్చి కొన్నవి, అవి మీ ఇంటికే చేరాలి.

ప్రశ్న: ఇల్లు కడుతున్నాం. మా మేస్త్రి బిర్లా సిమెంటే తెమ్మంటాడు. షాపుకెళ్తే బిర్లా పేరుతోనే రెండు మూడు రకాలున్నాయి. అల్ట్రాటెక్, కోరమాండల్ ఇప్పుడు ఒకే కంపెనీవని షాపతను అంటున్నాడు. ఏది తెచ్చినా ఒకటేనా? – తాడేపల్లి

జవాబు: బిర్లా అనేది ఒక్క కంపెనీ పేరు కాదు, ఆ కుటుంబం ఎప్పుడో చీలింది. అల్ట్రాటెక్, బిర్లా వైట్ ఆదిత్య బిర్లా వాళ్లవి. బిర్లా శక్తి మొదట కేశోరాం వాళ్లది, బసంత్‌నగర్‌లో తయారయ్యేది, ఆ సిమెంటు వ్యాపారం 2025లో అల్ట్రాటెక్‌లో కలిసింది. బిర్లా ఏ1 మాత్రం ఓరియంట్ సిమెంట్ వాళ్లు అమ్మిన బ్రాండు, ఆ కంపెనీ 2025లో అదానీల అంబుజా చేతికి వెళ్లింది, దీనికీ ఆదిత్య బిర్లాకూ సంబంధమే లేదు. ఎంపీ బిర్లా అని ఉంటే అది బిర్లా కార్పొరేషన్. మనందరికీ తెలిసిన చార్మినార్ రేకుల కంపెనీ కూడా ఇప్పుడు బిర్లాను అని పేరు మార్చుకుంది, అది సీకే బిర్లా వాళ్లది.

షాపతను చెప్పింది నిజమే. కోరమాండల్, శంకర్ బ్రాండ్లు ఇండియా సిమెంట్స్‌వి, 2024 డిసెంబరులో అది అల్ట్రాటెక్ కిందికి వచ్చింది. బి.వి. రాజు గారు పెట్టిన రాశి సిమెంట్స్ గుర్తుందా? కృష్ణకు అవతల వాడపల్లి దగ్గర విష్ణుపురంలో ఉన్న ఆ ఫ్యాక్టరీని 1998లో ఇండియా సిమెంట్స్ పట్టుబట్టి లాక్కుంది, ఇప్పుడు ఇండియా సిమెంట్స్‌నే అల్ట్రాటెక్ తీసుకుంది, అల్ట్రాటెక్ మీద గ్రాసిం. తెలుగువాడు కట్టిన కంపెనీ ఇలా మూడంతస్తుల కింద ఉండటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మీ ఇంటికి మాత్రం యజమాని పేరుతో పని లేదు, బస్తా మీద రాసింది చదవండి. ఐఎస్ 269 అని ఉంటే ఓపీసీ, అంటే మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు, 43 లేదా 53 గ్రేడు. ఐఎస్ 1489 అయితే పీపీసీ, అంటే బూడిద కలిసినది, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ లాంటి చోట్ల నుంచి వెళ్లే ఫ్లైయాష్ అదే. ఐఎస్ 455 అంటే స్లాగ్ సిమెంటు. పక్కనే తయారీదారు పేరు, ఫ్యాక్టరీ ఊరు చిన్న అక్షరాల్లో ఉంటాయి, బుదవాడ అని ఉంటే అది జగ్గయ్యపేట దగ్గర 2017లో జేపీ వాళ్ల నుంచి అల్ట్రాటెక్ కొన్న ఫ్యాక్టరీ. అన్నిటికంటే ముఖ్యం ఏ వారం, ఏ నెల, ఏ సంవత్సరం అని ముద్ర వేసి ఉంటుంది. మూడు నెలలు దాటిన బస్తా ఎంత పెద్ద బ్రాండైనా వెనక్కి పంపండి. గోడలకు, ప్లాస్టరింగుకు పీపీసీ చక్కగా సరిపోతుంది, అయితే నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి మన ఎండలకు 14 రోజులైనా నీళ్లు పట్టాల్సిందే. ఇందులో మేస్త్రి తొందరపెడితే వినకండి.

ప్రశ్న: సిమెంటు మీద జీఎస్టీ తగ్గింది కదా, గ్రాసిం లాభం పెరుగుతుందా? – పటమట, విజయవాడ

జవాబు: 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. పన్ను లేకుండా బస్తా 300 అనుకుంటే అప్పట్లో 384 పడేది, ఇప్పుడు 354. ఆ 30 రూపాయలు కొనేవాడికి మిగలాలి, కంపెనీకి రావాల్సిన 300 అప్పుడూ ఇప్పుడూ 300 మాత్రమే. రేటు తగ్గడం వల్ల అమ్మకాలు పెరిగితే, ఈలోగా బొగ్గు, పెట్‌కోక్, లారీ కిరాయిలు పెరక్కుండా ఉంటే అల్ట్రాటెక్ లాభం పెరుగుతుంది. అది గ్రాసిం కన్సాలిడేటెడ్ లెక్కలో వెంటనే కనపడుతుంది, నగదుగా గ్రాసిం చేతికి రావాలంటే మాత్రం అల్ట్రాటెక్ డివిడెండ్ ప్రకటించే దాకా ఆగాలి. అందుకని జీఎస్టీ వార్త చూసి గ్రాసిం కొనే బదులు అల్ట్రాటెక్ వచ్చే త్రైమాసిక ఫలితాల్లో టన్నుకు ఎంత మిగిలిందో చూడండి, వాళ్లే విడిగా వేసి ఇస్తారు.